సర్దుబాటు ఎవరు చేసుకోవాలి?



ఈసారి సంపాదకీయం ఏ పార్టీ గురించీ కాదు, కొన్ని మాటల గురించి. నెట్ జీరో, ఉద్గార తీవ్రత, స్థాపిత సామర్థ్యం, ట్రూ అప్, క్రాస్ సబ్సిడీ, రెగ్యులేటరీ అసెట్. ఇవన్నీ రోజూ పేపర్లో కనిపించేవే. మనలో చాలామందిమి ఇంజనీర్లం, అకౌంటెంట్లం, కంప్యూటర్ వాళ్లం. మాట అర్థం కాక కాదు, మనకెందుకులే అని దాటేసి పోతుంటాం. వాతావరణ మార్పు అంటే ఐక్యరాజ్యసమితి సభల్లో కోట్లు వేసుకున్నవాళ్ల వ్యవహారం, కరెంటు ఛార్జీలంటే సబ్‌స్టేషన్ ముందు ఎర్రజెండాల వాళ్ల ధర్నా వ్యవహారం. అలా రెండింటినీ రెండు వేర్వేరు గూళ్లలో పెట్టేశాం. నా ఉద్దేశంలో రెండూ ఒకటే లెక్క. ఖర్చు ఎంత, అది ఎప్పుడు కట్టాలి, ఎవరు కట్టాలి అన్నదే ఆ లెక్క. మాటలు కష్టంగా ఉండటం వల్ల మూడో ప్రశ్న ఎవరూ అడగరు.

కిందటి వేసవిలో మా బావమరిది రాయచోటి నుంచి కరెంటు బిల్లు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. "బావా, నేను కాల్చిన యూనిట్లకు అయింది ఇంత. మిగతా గీతలన్నీ ఏంది?" అని ఒక్క ముక్క రాశాడు. ఇరవయ్యేళ్లుగా కరెంటు పనిలోనే అన్నం తింటున్నవాణ్ణి, ఐదు నిమిషాల్లో చెప్పేస్తాననుకున్నాను. రెండు శుక్రవారాలు పట్టింది. ఎనర్జీ ఛార్జీ సరే, ఫిక్స్‌డ్ ఛార్జీ సరే, కస్టమర్ ఛార్జీ, ఎలక్ట్రిసిటీ డ్యూటీ సరే. ఆ కింద "ఎఫ్‌పీపీసీఏ" అని నెల పేరుతో ఒక గీత, మళ్లీ అదే పేరుతో పాత సంవత్సరాలవి ఇంకో రెండు గీతలు. తెలుగు పేపర్ల భాషలో దీన్ని ఇంధన, విద్యుత్ కొనుగోలు వ్యయ సర్దుబాటు అంటారు.

సర్దుబాటు! మన ఇళ్లల్లో "కాస్త సర్దుకుపోమ్మా" అని ఎవరికి చెబుతారో మీకు తెలుసు. అత్తగారికి మాత్రం ఎవరూ చెప్పరు.

అసలు సంగతి ఇది. ఏడాది మొదట్లో నియంత్రణ మండలి ఒక అంచనా వేస్తుంది. బొగ్గు ఇంత, బయటి నుంచి కొనే కరెంటు ఇంత, కాబట్టి యూనిట్ ధర ఇంత అని. ఏడాది గడిచాక చూస్తే బొగ్గు ధర పెరిగి ఉంటుంది, వానలు లేక జల విద్యుత్ తగ్గి ఉంటుంది, వేసవిలో ఎక్స్ఛేంజీలో ఎక్కువ ధర పెట్టి కొని ఉంటారు. ఆ తేడాను తర్వాత వినియోగదారుడి దగ్గర వసూలు చేయడమే ట్రూ అప్. సూత్రంగా చూస్తే తప్పేమీ లేదు. ఖర్చు నిజంగా అయినప్పుడు ఎవరో ఒకరు కట్టాలి కదా. చిక్కల్లా ఎప్పుడు, ఎంత తనిఖీ చేసి అన్న దగ్గరే. 2022-23 సంవత్సరానికి దాదాపు 6,072 కోట్లు, 2023-24కి దాదాపు 9,412 కోట్లు వసూలు చేసుకోవడానికి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి 2024 చివర్లో అనుమతించింది. మొదటిది 15 నెలల్లో, రెండోది 24 నెలల్లో, 2024 డిసెంబరు నుంచి. రెండూ కలిపితే 15 వేల కోట్ల పైచిలుకు. ఖర్చు ఒక ప్రభుత్వం హయాంలో అయింది, బిల్లు ఇంకో ప్రభుత్వం హయాంలో వచ్చింది. ఇక చెప్పేదేముంది, మీరు చేసిన పాపమని వీళ్లు, మీరు వేసిన భారమని వాళ్లు. ఆ రెండేళ్లలో అద్దెకుండి ఖాళీ చేసి వెళ్లిపోయినవాడి కరెంటు తాలూకు తేడా, తర్వాత ఆ ఇంట్లో దిగినవాడి నెత్తిన పడింది. ఆ మాట ఏ పార్టీ ఎత్తినట్టు నాకు గుర్తులేదు.

ఇదే కథలో రెండో భాగం కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. 2022 డిసెంబరులో కేంద్రం విద్యుత్ నిబంధనలను సవరించి, కొనుగోలు ఖర్చులో తేడాను నెలనెలా దానంతటదే బిల్లులో వేసుకునే పద్ధతి తెచ్చింది. మన రాష్ట్రంలో 2023 నుంచి యూనిట్‌కి 40 పైసల వరకు ముందస్తు విచారణ లేకుండా వేస్తున్నారు. 2024-25కి వచ్చేసరికి డిస్కంలు అలా వసూలు చేసింది దాదాపు 2,787 కోట్లు. ఏడాది చివర లెక్క చూపి 2,758 కోట్లు మాకు న్యాయంగా రావాలన్నాయి. మండలి కాగితాలు తిరగేసి, అభ్యంతరాలు విని, 1,863 కోట్లకే ఒప్పుకుంది. మిగిలిన 923 కోట్లు వెనక్కి ఇమ్మంది. అలా 2025 నవంబరు నుంచి యూనిట్‌కి 13 పైసలు బిల్లులో తగ్గింది. దీన్ని ట్రూ డౌన్ అన్నారు. 13 పైసలకు పండగ చేసుకోమని నేననడం లేదు. కానీ గమనించండి. డిస్కంలు అడిగినదాంట్లో మూడో వంతు కాగితం మీద నిలబడలేదు. ఎవరో ఒకరు కూర్చుని చదివారు కాబట్టి ఆ సంగతి బయటపడింది.

ఇక మన కువైట్ సంగతి. ఇక్కడ కరెంటుకి ధర అనేది దాదాపు లేదు. సొంత ఇళ్లలో ఉండే కువైటీ పౌరులకు యూనిట్ 2 ఫిల్సు. 1966లో పెట్టిన రేటు అది. 2016లో చట్టం చేసి అపార్ట్‌మెంట్లకు, వాణిజ్యానికి పెంచారు గానీ పౌరుల ఇళ్ల జోలికి పోలేదు. మనం ఉండే అద్దె బిల్డింగులకు 5 ఫిల్సు, అంటే దాదాపు మన రూపాయిన్నర. అదీ చాలావరకు అద్దెలోనే కలిసిపోతుంది కాబట్టి మనలో సగంమందికి మీటరు ఎక్కడుందో కూడా తెలియదు. తయారు చేయడానికి అయ్యే ఖర్చు ఆ 2 ఫిల్సుకి పదింతల పైనే. తేడా అంతా ప్రభుత్వ ఖజానా భరిస్తుంది, అంటే చమురు భరిస్తుంది.

ఆతిథ్యమిచ్చిన దేశం విధానాల మీద తీర్పులివ్వడం మన పని కాదు. అయినా ఒక సంగతి మనం కళ్లారా చూశాం. 2024 జూన్‌లో ఇక్కడి విద్యుత్ శాఖ ప్రాంతాలవారీగా జాబితా ఇచ్చి, మధ్యాహ్నం వేళల్లో గంట నుంచి రెండు గంటలు కోత పెట్టింది. కోతలంటే మన ఊళ్లవే అనుకునేవాళ్లం. 2025 ఏప్రిల్లోనూ కోతలు వచ్చాయి, ఎండాకాలం పూర్తిగా ముదరకముందే. మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీలు నమోదైన దేశం ఇది. ఆసియాలోనే అత్యధికాల్లో ఒకటిగా ప్రపంచ వాతావరణ సంస్థ గుర్తించిన అంకె అది. 2024 వేసవిలో గరిష్ట వాడకం 17 వేల మెగావాట్లు దాటింది. అందులో పెద్ద వాటా ఏసీలదే. ఎండ పెరిగితే ఏసీ పెరుగుతుంది, ఏసీ పెరిగితే చమురో గ్యాసో ఎక్కువ మండుతుంది, అది మండితే ఎండ పెరుగుతుంది. చమురు ఉన్న దేశంలోనే కరెంటు చాలలేదంటే కొరత ఇంధనానిది కాదు. ధర లేని చోట వాడకానికి అడ్డు ఉండదు, కొత్త స్టేషన్లు దాన్ని అందుకోలేవు.

కోత పెట్టిన ఆ రెండు గంటలు మనలో ఆఫీసు ఉద్యోగులకు పెద్ద కష్టమేమీ కాదు, జనరేటరు ఉంటుంది. మిర్కాబ్ బస్టాండు వెనక, మాలియా సందుల్లో, ఒక్కో గదిలో ఆరుగురు ఎనిమిదిమంది సర్దుకుని ఉండే మన కడప, రాజంపేట, కోనసీమ, శ్రీకాకుళం కుర్రాళ్ల సంగతి వేరు. రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోయేవాడికి ఆ గది ఆ రెండు గంటలూ ఒక ఇటుకల బట్టీ. జూన్ నుంచి ఆగస్టు వరకు ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఇక్కడ ఉంది, మంచిదే. గదిలో ఎండకి మాత్రం ఏ నిబంధనా లేదు.

సబ్సిడీ అనే మాటని కూడా ఇక్కడే చూడాలి. యూనిట్‌కి ఇంత అని అందరికీ సమానంగా ఇచ్చే సబ్సిడీ పైకి సమానంగా కనిపిస్తుంది. నిజానికి ఎక్కువ కాల్చినవాడికి ఎక్కువ ముడుతుంది. ఇరవై ఏసీలున్న విల్లాకి వచ్చే సాయంతో పోలిస్తే ఎనిమిదిమంది గదికి వచ్చేది ఎంత? మన దగ్గర ఇళ్ల టారిఫ్ దీనికి తలకిందులు. మొదటి 30 యూనిట్లకు రూపాయి 90 పైసలు, 400 దాటితే 9 రూపాయల 75 పైసలు. పైవాడి దగ్గర ఖర్చుకంటే ఎక్కువ తీసుకుని కిందివాడికి తగ్గించడం. దీన్నే క్రాస్ సబ్సిడీ అంటారు. మధ్యతరగతి పెద్దమనుషులు దీన్ని తిట్టిపోస్తుంటారు గానీ నాకైతే ఇందులో పెద్ద అన్యాయం కనిపించదు. ఉచిత వ్యవసాయ విద్యుత్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కువైట్ లెక్కే మళ్లీ ఎదురవుతుంది. 2004 మేలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలి సంతకం చేసిన పథకం అది. రైతుల ఉరితాళ్ల నేపథ్యంలో వచ్చింది, దాన్ని ఎత్తేయమని అనే ధైర్యం ఎవరికీ లేదు, నాకూ లేదు. కానీ వెయ్యి అడుగుల బోరు, పెద్ద మోటారు ఉన్న రైతుకి అందే సాయం, బోరే లేని మెట్ట రైతుకి అందదు. రాయలసీమ నుంచి ఇక్కడికి వచ్చినవాళ్లలో ఎంతమంది ఎండిపోయిన బోర్ల అప్పు తీర్చడానికి వచ్చారో మాలియాలో ఒక శుక్రవారం అడిగి చూడండి.

నియంత్రణ మండలి అనేది ఎలా పుట్టిందో కుర్రవాళ్లకు తెలిసి ఉండకపోవచ్చు. 1998లో రాష్ట్రం విద్యుత్ సంస్కరణల చట్టం చేసింది. 1999లో విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడగొట్టారు, అదే ఏడాది మండలి వచ్చింది. ఉద్దేశం మంచిది. ధరలు ముఖ్యమంత్రి నోటి మాట మీద కాకుండా లెక్క మీద నడవాలని. ఆ మండలి ఇచ్చిన తొలి టారిఫ్ ఉత్తర్వుతోనే ఛార్జీలు పెరిగాయి, 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. ఆ రోజు నుంచి మన నాయకులు ఒక పాఠం నేర్చుకున్నారని నా అనుమానం. ఛార్జీ పెంచినా ఫర్వాలేదు, పెంచినట్టు కనిపించకూడదు. టారిఫ్ పట్టిక ఏళ్ల తరబడి కదలకుండా అలాగే ఉంటుంది, "మేం ఒక్క పైసా పెంచలేదు" అని ఎన్నికల సభల్లో చెప్పుకోవచ్చు. పెరగాల్సింది సర్దుబాటు గీతల్లో పెరుగుతుంది.

అక్కడా పెంచకపోతే? అప్పుడు వస్తుంది రెగ్యులేటరీ అసెట్. నాకు ఈ మొత్తం నిఘంటువులో అన్నిటికంటే ముచ్చటైన మాట ఇదే. ఈ ఏడాది జనం దగ్గర వసూలు చేయలేం, కాబట్టి ముందు ముందు వసూలు చేసుకోవచ్చని డిస్కం పుస్తకాల్లో రాసుకుంటారు. వాళ్ల పుస్తకంలో అది ఆస్తి. మీ ఇంటి పుస్తకంలో, మీకు తెలియకుండా, మీ పేరున ఉన్న అప్పు. వడ్డీతో సహా. అప్పు చేసి పప్పుకూడు అని పెద్దలు తిట్టేవారు, ఇక్కడ పప్పుకూడు ఎవరు తిన్నారో కూడా తెలియదు. దేశమంతటా ఇలా పేరుకుపోయిన గుట్టల మీద 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు గట్టిగానే మాట్లాడింది. నియంత్రణ మండళ్లు వీటిని అలా పెంచుకుంటూ పోవడం నియంత్రణ వైఫల్యమేనని, గడువు పెట్టి తీర్చాల్సిందేనని చెప్పింది. అంటే ఇంకొన్ని గీతలు కొన్ని రాష్ట్రాల బిల్లుల్లోకి రాబోతున్నాయని అర్థం.

వాతావరణం మాటలకి వస్తాను. ఇక్కడా అదే గారడీ, అంకెలు మాత్రం పెద్దవి.

నెట్ జీరో అన్నప్పుడు బరువంతా నెట్ అనే మాట మీదే ఉంటుంది. వదిలిన పొగలోంచి పీల్చుకున్నది తీసేస్తే మిగిలేది సున్నా కావాలని. కువైట్ 2022లో షర్మ్ ఎల్ షేక్ సభలో ప్రకటించింది, చమురు-గ్యాస్ రంగం 2050కి, దేశం మొత్తం 2060కి కర్బన తటస్థం అవుతుందని. చమురు అమ్మే దేశం తటస్థం కావడమేమిటని మీకు అనుమానం రావాలి. అంతర్జాతీయ లెక్కల పద్ధతిలో చమురు ఎక్కడ మండితే పొగ ఆ దేశం ఖాతాలో పడుతుంది. అహ్మదీ రేవులో ఓడెక్కిన పీపా విశాఖపట్నం రిఫైనరీలో శుద్ధై, అనంతపురంలో లారీలో మండితే, ఆ పొగ భారతదేశానిది. తవ్వడానికి, శుద్ధి చేయడానికి ఇక్కడ అయిన పొగ మాత్రమే వీళ్లది. ఇది కువైట్ చేసిన మోసం కాదు, ప్రపంచం ఒప్పుకున్న పద్ధతి. కాకపోతే "చమురు రంగం నెట్ జీరో" అని చదివినప్పుడు చమురు ఆగిపోతుందని ఎవరూ అనుకోనక్కర్లేదు. ఇక పునరుత్పాదక విద్యుత్ సంగతి. 2030కి 15 శాతం అని 2012 దోహా సభలో చెప్పారు. షగాయాలో 70 మెగావాట్లు కట్టారు, దిబ్దిబా దగ్గర అనుకున్న 1,500 మెగావాట్ల సౌర ప్రాజెక్టు 2020లో రద్దయింది. అంతటి ఎండ పెట్టుకుని!

మన దేశానిది 2070, గ్లాస్గోలో 2021 నవంబరులో ప్రధాని ప్రకటించారు. ఆ సభ చివరి రోజునే బొగ్గును దశలవారీగా "తొలగించడం" అన్న మాటను భారత్ పట్టుబట్టి "తగ్గించడం" అని మార్పించింది. ఆ రాత్రి ఇంగ్లీషు పత్రికలన్నీ భారత్‌ను దుమ్మెత్తిపోశాయి. నేను మాత్రం ఆ మార్పును సమర్థిస్తాను. తలసరి కార్బన్ డయాక్సైడ్ మనది 2 టన్నుల చుట్టుపక్కల, నేను కూర్చున్న ఈ దేశానిది 20 టన్నులకు పైగా. 1992లో రియోలో అందరూ సంతకం చేసిన ఒప్పందంలోనే ఉంది, బాధ్యత ఉమ్మడిదే గానీ వాటాలు వేర్వేరని. ముందు తిన్నవాడు, ఎక్కువ తిన్నవాడు ముందు కట్టాలి. చమురూ గ్యాసూ వదిలేసి బొగ్గు ఒక్కదాన్నే బోనులో నిలబెట్టడం పెద్దమనుషుల పంచాయితీ. రెండేళ్ల తర్వాత దుబాయిలో గానీ "శిలాజ ఇంధనాల నుంచి మళ్లడం" అన్న మాట ఒప్పందంలోకి రాలేదు.

అయితే ఈ తలసరి కవచం ఢిల్లీ చేతిలో ఉన్నంత బాగా మన చేతిలో ఉండదు. దేశం సగటు 2 టన్నులు అయినప్పుడు, ఏటా రెండుసార్లు విమానమెక్కే మనలాంటివాళ్ల వాటా ఎంత, గాలివీడు మండలంలో కూలికి పోయేవాడి వాటా ఎంత? ప్రపంచ సభలో పేదవాడి సగటు చూపించి, ఊళ్లో మాత్రం వాడి చేత కూడా అదే సర్దుబాటు కట్టిస్తే, రియో న్యాయం సముద్రం దాటి మన రేవుదాకా వచ్చి ఆగిపోయినట్టే.

ఇంకో రెండు మాటలు అంకెల మోజు ఉన్న మనవాళ్లను ఇట్టే బోల్తా కొట్టిస్తాయి. ఒకటి ఉద్గార తీవ్రత. 2005తో పోలిస్తే 2030కి 45 శాతం తగ్గిస్తామని భారత్ 2022లో హామీ ఇచ్చింది. తగ్గేది పొగ కాదు, ఒక్కో రూపాయి జీడీపీకి అయ్యే పొగ. జీడీపీ వేగంగా పెరిగితే తీవ్రత తగ్గుతూనే మొత్తం పొగ పెరగొచ్చు, పెరుగుతోంది కూడా. ఎదిగే దేశానికి అది సబబైన లక్ష్యమే. పేపర్లో "ఉద్గారాలు తగ్గించిన భారత్" అని హెడ్డింగు పెడితే మాత్రం అబద్ధం.

రెండోది స్థాపిత సామర్థ్యం. 2025లో దేశంలో సగం విద్యుత్ సామర్థ్యం శిలాజేతరమైందని సంబరం జరిగింది, అనుకున్నదానికంటే ఐదేళ్లు ముందే. నిజంగా గొప్ప విషయమే. కానీ సామర్థ్యం మెగావాట్లలో ఉంటుంది, మనం కాల్చేది యూనిట్లు. ఒక మెగావాట్ యంత్రం ఏడాదంతా ఆగకుండా తిరిగితే 87.6 లక్షల యూనిట్లు. సౌర ఫలకం రాత్రి పడుకుంటుంది, మబ్బుకి ముడుచుకుంటుంది, వెరసి అందులో ఐదో వంతో నాలుగో వంతో ఇస్తుంది. థర్మల్ స్టేషన్ చక్కగా నడిస్తే దానికి మూడింతలు. అందుకే సామర్థ్యం సగం అయినా, 2024-25లో ఉత్పత్తి అయిన కరెంటులో దాదాపు నాలుగింట మూడు వంతులు శిలాజ ఇంధనాలదే. శంకుస్థాపనలన్నీ మెగావాట్లలోనే ఎందుకు జరుగుతాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

సౌర విద్యుత్ అనగానే కడప, అనంతపురం గుర్తొస్తాయి. ఎన్‌పీ కుంట, గాలివీడు, మైలవరం. పేరులో గాలి ఉన్న ఊళ్లో ఎండతో కరెంటు తీస్తున్నారు, అది వేరే విషయం. కడప పార్కుకి 2017 ఏప్రిల్లో ఎన్టీపీసీ జరిపిన వేలంలో యూనిట్ 3 రూపాయల 15 పైసలు పలికింది, దేశంలో అప్పటికి అదే అతి తక్కువ. అంతకుముందు మన రాష్ట్రం పవన విద్యుత్‌ను యూనిట్ 4 రూపాయల 84 పైసలకు పాతికేళ్ల ఒప్పందాల మీద కొంది. ధరలు పడిపోతున్న కాలంలో వేలం లేకుండా పాతికేళ్లకు కట్టుబడటం ఏ లెక్కనా తెలివైన పని కాదు. 2019లో కొత్త ప్రభుత్వం వచ్చి, జీవో 63తో కమిటీ వేసి, ఒప్పందాలు తిరగదోడుతామంది. ఆ సెప్టెంబరులో హైకోర్టు జీవోను కొట్టేసి, మండలి తేల్చేదాకా పవన విద్యుత్‌కు 2.43, సౌర విద్యుత్‌కు 2.44 చొప్పున ఇవ్వమంది. 2022 మార్చి 15న డివిజన్ బెంచి అదీ చెల్లదని, ఒప్పందంలో రాసుకున్న ధరే కట్టాలని, బకాయిలు ఆరువారాల్లో చెల్లించమని తీర్పు చెప్పింది. మూడేళ్ల గొడవలో మిగిలిందేమిటంటే బకాయిలు, పెట్టుబడిదారుల భయం, లాయర్ల ఫీజులు. ఎక్కువ ధరకు సంతకం చేసినవాళ్లూ, జీవోతో దాన్ని చింపేయొచ్చనుకున్నవాళ్లూ ఇద్దరూ ఇప్పటికీ నాయకులే. విద్యుత్ కొనుగోలు ఒప్పందం అంటే ఐదేళ్ల ప్రభుత్వం పాతికేళ్ల జనం తరఫున పెట్టే సంతకం. దాని మీద అసెంబ్లీలో చర్చ జరగడం మీరెప్పుడైనా చూశారా?

ఇక నన్ను నిజంగా నిద్రపోనివ్వని మాట, న్యాయమైన పరివర్తన. బొగ్గు నుంచి మళ్లేటప్పుడు దాని మీద బతికేవాళ్లను రోడ్డున పడేయకూడదని దాని అర్థం. మన దగ్గర సింగరేణి ఉంది, ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ ఉంది. అక్కడ పర్మినెంటు ఉద్యోగికి యూనియన్ ఉంది, కాంట్రాక్టు కూలీకి గొంతు తక్కువ. వీళ్ల గురించి ఢిల్లీలో కనీసం నివేదికలు రాస్తున్నారు. గల్ఫ్‌లో ఉన్న మన సంగతి ఏ నివేదికలోనూ లేదు. చమురు ధర పడిపోయిన 2020 వేసవిలో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. జనాభాలో 70 శాతంగా ఉన్న విదేశీయులను 30 శాతానికి తగ్గించాలని ఇక్కడి ప్రధాని అన్నారు, భారతీయులను 15 శాతానికి పరిమితం చేసే బిల్లు ముసాయిదా చర్చకు వచ్చింది. అది చట్టం కాలేదు, మనం మళ్లీ మర్చిపోయాం. అది ఒక్క ఏడాది ధర పడితే. యూరపు, చైనా చమురు వాడకం నిజంగానే తగ్గించుకుంటూ పోతే, ఇరవై ముప్పై ఏళ్ల మీద ఇదే నెమ్మదిగా జరుగుతుంది. పరివర్తనలో అందరికంటే ముందు టికెట్ చేతికొచ్చేది మిర్కాబ్ వాడికి. వాడు తిరిగి వెళ్లే రాయచోటిలో సౌర పార్కు ఉంటుంది. అందులో ఫలకాలు తుడవడానికి, కాపలాకి ఎంతమంది కావాలి?

కువైట్ పునరావాసం ఇమ్మని నేను అడగడం లేదు, ఇవ్వదు కూడా. అడగాల్సింది మన రాష్ట్రాన్ని. ఏటా లక్షల కోట్ల పెట్టుబడులు, వేల మెగావాట్లు అని ప్రకటించే స్వచ్ఛ ఇంధన విధానాల్లో, గల్ఫ్ నుంచి తిరిగివచ్చే ఎలక్ట్రీషియనుకి, వెల్డరుకి, క్రేన్ ఆపరేటరుకి ఒక పేరా ఉందా? వాళ్లు పదిహేనేళ్లు సబియా, దోహా, జూర్ పవర్ స్టేషన్లలో పని చేసి వచ్చినవాళ్లు. పనికి రానివాళ్లు కారు.

ఇదంతా రాసి ఊరుకుంటే కబుర్లే అవుతాయి. చట్టం మనకొక చిన్న తలుపు తెరిచి ఉంచింది. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం, డిస్కంలు వేసే టారిఫ్ పిటిషన్‌ను ప్రచురించాలి, ప్రజల సూచనలు, అభ్యంతరాలు పరిశీలించాకే మండలి ఉత్తర్వు ఇవ్వాలి. 65వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ఎవరికైనా తక్కువ ధరకు ఇవ్వాలనుకుంటే ఆ డబ్బు ముందుగా కట్టాలి. "ముందుగా" అన్న ఆ ఒక్క మాట అమలైతే డిస్కంల సగం రోగం కుదురుతుందని నా నమ్మకం. అభ్యంతరం రాయడానికి లాయరు అక్కర్లేదు, తెలుగులో రాయొచ్చు. బహిరంగ విచారణల్లో ఏళ్ల తరబడి ఓపిగ్గా వాదిస్తున్న రైతు నాయకులు, విశ్రాంత ఇంజనీర్లు, పాత్రికేయులు కొద్దిమంది ఉన్నారు. వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లకు కావాల్సింది మన చప్పట్లు కాదు, ఎక్సెల్ షీట్లు చదివే మనుషులు. అది మన దగ్గర దండిగా ఉన్న సరుకు.

పిటిషన్లు మామూలుగా నవంబరు నెలాఖరుకి దాఖలవుతాయి, విచారణలు జనవరి, ఫిబ్రవరుల్లో. కడప వైపు వాళ్లది తిరుపతి డిస్కం, గోదావరి జిల్లాలు, శ్రీకాకుళం వాళ్లది విశాఖ డిస్కం. రెండు పిటిషన్లనూ చదివి, కొనుగోలు ఖర్చు, ఫిక్స్‌డ్ ఛార్జీలు, సబ్సిడీ బకాయిలు అన్న మూడు అధ్యాయాల మీద తెలుగులో అభ్యంతరాలు తయారు చేద్దామని ఆలోచన. పవర్ ఫైనాన్స్‌లో, మీటరింగ్‌లో, బొగ్గు కొనుగోళ్లలో పని చేసిన మిత్రులు ఎక్కడున్నా, హ్యూస్టన్ అయినా దమ్మాం అయినా, వారానికి రెండు గంటలు ఇవ్వగలిగితే రాయండి. మిగతావాళ్లు మీ ఊరి బిల్లు ఒకటి, వేసవి నెలది, ఫొటో తీసి పంపండి. పేరు, సర్వీసు నంబరు చెరిపేసి పంపండి. గీతలు మాత్రం చెరపకండి.